మబ్బులో మూడేళ్లు

సప్తగిరి సర్కిల్ కాడ, మేడ మీద
హొన్నూరప్ప నెట్ సెంటర్.
గంటకు ముప్పై రూపాయలు.
ఇది నలభై ఒకటో అప్లికేషన్.

ఏం చదివినావమ్మా అని ఆయనిప్పుడు అడగడు.
మొదట్లో అడిగినాడు.
బీఏ. చరిత్ర, ఆర్థికశాస్త్రం, స్పెషల్ తెలుగు.
ఛందస్సులో క్లాసుకంతా నేనే ఫస్టు.
ఆ మాట విని
ఆయన తాగబోయే టీ నా పక్కకు జరిపినాడు.

పైథాన్ వచ్చునా? అని తెర అడుగుతాది.
మా గుట్టల్లో ఒకసారి చూసినా,
మేకపిల్లను మింగి కదల్లేక పడుండింది.
వచ్చు, అని కొట్టినా.
జావా?
పొద్దున్నే తాగి వచ్చినా. వచ్చు.

క్లౌడ్‌లో కనీసం మూడేళ్ల అనుభవం.
ఇక్కడ వేలు ఆగింది.

మాది కుందుర్పి పక్క.
మా పెద్దమ్మ మారెక్క
శెనక్కాయ విత్తనాల మూటకు ఆనుకొని
పడమటి పక్కకే చూస్తాండేది.
"ఇది కురిసేది కాదు, పొయ్యేది"
"ఇది మనది కాదు, కళ్యాణదుర్గం వాళ్లది"
ఒక్కో మబ్బునూ
బాకీ ఎగ్గొట్టిన మనిషిని గుర్తుపట్టినట్టు చెప్పేది.
చెప్పింది తప్పేది కూడా.
తప్పిన మర్సనాడు మళ్లీ మూట కాడికే.

మూడేళ్లేంది, ముప్పై రాసుకోండి
అని మనసులో అనుకొని
మూడే రాసినా.
మరీ ఎక్కువైతే అనుమానపడతారు గదా.

బేస్తవారం ఫోనొచ్చింది, బెంగుళూరు నుంచి.
హాస్టల్ మిద్దె మీద, నీళ్ల ట్యాంకు పక్కన
సిగ్నల్ నిలబడే మూరెడు జాగాలో నిలబడినా.
పేరు చెప్పినాడు, భయంలో వినలేదు.
గొంతు నాకంటే చిన్నది.

"మీ సర్వర్ పడిపోతే మొదట ఏం చేస్తారు?"
"ఎవరికన్నా చెప్తాను సార్."
కాసేపు ఏమీ వినపడలేదు.
"ఈ మూడేళ్లు ఎక్కడ పని చేశారు?"
ట్యాంకు నిండి నీళ్లు పొర్లుతాన్నాయి.
"అబద్ధం సార్" అన్నా.

"తెలుసు" అన్నాడు.
మళ్లీ మెల్లగా, గోడకు ఆనుకున్నట్టు,
"నేనూ అట్లే చేరినాలే."
ఆ "అట్లే" దగ్గర పట్టుకున్నా.
"యా వూరు సార్?"
"పామిడి."
ఇంతలో ఆ పక్క తలుపు చప్పుడు.
గొంతుకు మళ్లీ ఇస్త్రీ పడింది.
"మేము మీకు తెలియజేస్తామండీ."

తెలియజేయలేదు.
పామిడి మీదుగా బస్సులో పోయినప్పుడు మాత్రం
కిటికీలో నుంచి ఎవరి కోసమో చూసినా.

ఆ రోజు ఫోన్ పెట్టేసినాక
కింద నుంచి వార్డెన్ అరిచింది,
మబ్బు పట్టింది, బట్టలు తీసుకోండే అని.
పిల్లలంతా మిద్దెక్కినారు.
నేను పడమటికి తిరిగి
కళ్లు చికిలించి, అచ్చం పెద్దమ్మ మాదిరి,
"ఇది కురిసేది కాదు" అన్నా.
"నీకెట్ల తెలుసక్కా?"
"మాకు తెలుస్తాదిలే."
నమ్మి దండెం వదిలేసి దిగిపోయినారు.

పావుగంటకు
పదకొండు మంది బట్టలు తడిసినాయి.