ఖాళీ గడి

అడిలైడ్‌లో పాత కాగితాల గదిలోకి పెన్ను తేకూడదు.
పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను
పద్దెనిమిది వందల అరవై ఆరు ముందు.

ఓడ జాబితాలో మగవాళ్ళందరికీ ఒక పని ఉంది:
గని కూలీ, కమ్మరి, గని కూలీ, గని కూలీ, వడ్రంగి.
థర్జా నాన్‌కివెల్, ఇరవై రెండేళ్ళు.
వృత్తి అన్న గడిలో ఒక అడ్డగీత.
గుమాస్తా ఆ గీత గీసే వేళకి ఆమె
తొంభై ఒక్క రోజులుగా నలుగురు పిల్లల వాంతులు కడుగుతోంది,
ఇద్దరు తన పిల్లలు కారు,
ఒకణ్ణి గోనెలో చుట్టి నీళ్ళకి ఇచ్చింది.
కార్న్‌వాల్ వదలకముందే ఇంటిపేరు మారింది,
ఇల్లు మాత్రం ఇంకా ఎక్కడా లేదు.

మరో పెట్టెలో సర్వే పటం.
మూంటా తీరం పొడవునా అలాంటి పొందికైన చేతిరాతే:
ఖాళీ భూమి.

ఈ రెండు ఖాళీలూ అక్కచెల్లెళ్ళని
ఇరవై ఏళ్ళు పాఠం చెప్పాను.
పుస్తకమూ వేశాను. బాగుందన్నారు.

పోయిన మంగళవారం ఆమె పద్దుల పుస్తకం దొరికింది.
సబ్బు, నాలుగు పెన్నీలు.
బట్టలుతికే పిల్లకి పిండి, పాత గౌను.
వారం వారం, పదకొండేళ్ళు,
పిల్ల పిల్లగానే ఉండిపోయింది.
ఆవుకి మాత్రం పేరుంది. డచెస్.
ఈనిన తేదీలతో సహా.

ఒక ఖాళీలో ఇరుక్కున్న మనిషి
ఇంకో ఖాళీ మీద దండెం కట్టి దుప్పట్లారేసింది.
ఆమె మా ముత్తవ్వకి తల్లి.
ఆమె పింగాణీ కప్పులోనే నేను రోజూ టీ తాగుతాను.

అట్ట లోపల అంటించిన ఫోటో నకలు తీసుకుని
పాయింట్ పియర్స్ వెళ్ళాను.
ఎల్వా ఆంటీ కళ్ళద్దాలు నుదుటికి తోసి
వదులు గౌనులో నిలబడ్డ నరుంగ్గా పిల్లని చాలాసేపు చూసింది.
ఆ ఒంటికాలి మీద బరువు, ఆ నిలబడే తీరు
అచ్చం మా చెల్లెలిదే, అంది.

పేరు తెలుసా, అన్నాను,
పెన్సిలు అప్పటికే కాగితం మీద ఉంది.

తెలుసు, అంది.
కెటిల్ పెట్టడానికి లేచింది.

నా నోట్సులో రాసుకున్న
'పేరు తెలియదు' చెరిపాను.
రబ్బరు పొట్టు ఒళ్ళో రాలింది.
దులుపుకోవాలనిపించలేదు.
లోపల నీళ్ళు ఇంకా మరగలేదు.