లస్కరు

లొల్ల లాకుల దగ్గర సెక్షనాఫీసు.
కిటికీలోంచి చూస్తే కాలవ, కాలవకి అడ్డంగా తలుపులు,
తలుపుల మీద మట్టపర్తి సూర్యచంద్రం,
చేతిలో గ్రీజు డబ్బా, చెవి మీద సగం కాలిన చుట్ట.

నాకిచ్చిన పని చిన్నదే.
నలభయ్యారు కాలవల నీటిమట్టం
రోజూ ఒక పేజీలో చూపించాలి.
కాలవకో మడత.
మడత తెరు, పేరు రాయి, మట్టం రాయి, మడత ముయ్యి.
మళ్ళీ తెరు.
నలభయ్యారు సార్లు చేత్తోనే రాసేదాన్ని
ఊడ్పుల్లో వంగిన దానిలా, నడుం ఎత్తకుండా.

దాళ్వా నడుస్తుండగా ఒక మంగళవారం
పదిహేడో మడత ముయ్యడం మర్చిపోయాను.
పద్దెనిమిది నించి చివరి దాకా
ఊళ్ళన్నీ అందులోకి జారి కూచున్నాయి.
పేజీలో పదిహేడుతో డెల్టా అయిపోయింది.
సముద్రం అక్కడికే వచ్చేసినట్టు.

శివారు నించి ఫోను:
"నీళ్ళు ఎలాగూ రావు.
పేరు కూడా రాదా అమ్మా?"

టీ గ్లాసు బల్ల మీద పెడుతూ
సూర్యచంద్రం తెర వైపు ఓరగా చూశాడు.
"ఎగువ తలుపు తీసేటప్పుడే
దిగువ తలుపు తలుచుకోవాలండి.
పడవ లోపలుండగా మర్చిపోయేవోణ్ణి
లాకు మీద నిలబెట్టరు కదండీ."

ఆ రాత్రి ఒక సహాయకుణ్ణి రాశాను. అయిదే పంక్తులు.
కాలవ పేరు చెబితే చాలు
తెరవడం దానిదే, ముయ్యడం దానిదే.
మధ్యలో ఏం పారాలో అదొక్కటే నాది.
దానికి ఏదో పేరు పెట్టాలి కదా,
లస్కరు అని కొట్టాను.
మూడొందల పంక్తుల పేజీ
అరచేతిలో పట్టేంత అయింది.
నడుం ఎత్తి చూస్తే తెల్లారుతోంది.

అయినా ఒకటి మిగిలింది.
ఫిర్యాదుల గడిలో ఎవరో కౌలురైతు
ఇంగ్లీషు అక్షరాల తెలుగులో రాశాడు:
నీళ్ళు, తర్వాత తక్కువ గుర్తు, ఆనుకుని మోకాలు.
మోకాలి కంటే తక్కువున్నాయని ఆయన గోడు.
బ్రౌజరు మోకాలిని ఆజ్ఞ అనుకుంది.
ఆ గుర్తు నించి చివరి దాకా
ఆయన రాసిందంతా మింగేసింది.
పేజీలో మిగిలిందొకటే మాట: నీళ్ళు.

తూము ముందు ఇనప ఊచలుంటాయి.
గుర్రపుడెక్క ఎంత కొట్టుకొచ్చినా
ఊచల దగ్గర ఆగుతుంది, నీళ్ళు వెళతాయి.
నా లస్కరుకీ ఊచలు బిగించాను.
ఇప్పుడు ఎవరేం రాసినా, ఏ వంకర గుర్తు పెట్టినా
అది ఆజ్ఞ కాదు, అక్షరమే.
మోకాలు మోకాలుగానే కనిపిస్తుంది.

"నా పేరేనంట కదండీ, ఏదీ చూపించండి" అన్నాడు.
పేజీ వెనక్కి తిప్పి చూపించాను.
మడతలున్నాయి, పేర్లున్నాయి, అంకెలున్నాయి.
లస్కరు లేడు.
పని చేసేటప్పుడే ఉంటాడు,
పేజీ జనం దగ్గరికి చేరేసరికి
అతని జాడ ఎక్కడా ఉండదు.
ఎలా చెప్పాలో తెలీక నీళ్ళు నమిలాను.
ఆయనే నవ్వేశాడు.
"అంతేనండి. నీళ్ళు తాగే చేనుకి
షట్టరు ఎవడెత్తాడో ఎందుకండీ."
నవ్వాడే గాని, చుట్ట మాత్రం
మూడు పుల్లలు గీస్తే గాని అంటుకోలేదు.

ఏప్రిల్లో కాలవలు కట్టేశారు.
మట్టం రాకపోతే ఏం చెయ్యాలో
నేను లస్కరుకి చెప్పలేదు,
తప్పు తప్పని పేజీ అంతా అరిచింది.
ఒక పంక్తి కలిపాను:
ఏమీ రాకపోయినా మడత తెరు,
ఒక చిన్న గీత గియ్యి, ముయ్యి.

నలభయ్యారు గీతలు.
కిటికీలో ఎండిన కాలవ, బురదలో కొంగలు.
తలుపుల మీద సూర్యచంద్రం
కదలని మరకి గ్రీజు రాస్తున్నాడు.