చుక్కల గీతలో చెయ్యి

రాయగడ నుంచి జిమిడిపేట పోయే రోడ్డు మీద
తారు డ్రమ్ములు కోసి తలుపు చేసుకున్న షెడ్డు.
బోర్డు మీద పేరు ఒరియాలో,
కింద తెలుగులో "బ్రేకులు చూడబడును."
లోపల గేదెల తవిటయ్య.
కుడిచేతికి మూడే వేళ్ళు.
మిగతా రెండూ లక్ష్మీపూర్ ఘాటీలో
ఓ లారీ బ్రేకు డ్రమ్ము దగ్గర దిగిపోయాయి.
"టిక్కట్టు అక్కడిదాకే తీసేయి బాబూ" అంటాడు.

నేను గీతలు గీసేవాణ్ణి.
కాగితపు మిల్లులో ముప్పై రెండేళ్ళు
పైపులూ వాల్వులూ గీసి రిటైరైనవాణ్ణి.
ఓ సాయంత్రం గోనెగుడ్డ విప్పి
నా బల్ల మీద ఒక పానా పెట్టాడు.
వంకర పిడి, బొటనవేలికి చిన్న గుంట,
పొట్టలో పాత స్కూటరు క్లచ్చి స్ప్రింగు.
తుప్పు పట్టి ఎంత మొండికేసిన నట్టయినా
మూడు వేళ్ళకి లొంగాలి, అదీ పంతం.
"కలకత్తా ఆపీసుకి రాయాలట, పేటెంటు.
మినకేతన్ బాబు సెప్పేడు."

ఫారం అడిగింది: ఇందులో కొత్తదేమిటి?
తవిటయ్య తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు.
"కొత్తగా ఒచ్చిందేటుంది. ఉన్నది పోడమే."
నేను రాసుకుంటూ పోయాను:
సదరు పిడి, సదరు స్ప్రింగుతో కూడి, సదరు దవడను...
"సదరంటే ఎవురు బాబూ?"
"నువ్వు కాదులే."

బొమ్మకి ఒక నియమం ఉంది.
హక్కు కోరే వస్తువుకి నిండు గీత,
దాన్ని పట్టుకునే చేతికి చుక్కల గీత.
కాగితం లెక్కలో చెయ్యి ఎవరిదీ కాదు,
ఎలా పట్టాలో చూపించడానికి, అంతే.
అరచెయ్యి బల్ల మీద పరిచాడు.
చుట్టూ పెన్సిలు తిప్పుతుంటే
చక్కిలిగిలని చిన్నపిల్లాడిలా నవ్వాడు.
లేని వేళ్ళ దగ్గర పెన్సిలు ఆగింది.
చుక్క పెట్టాలా?
పెట్టలేదు.

పదిహేను నెలలకి ఉత్తరం వచ్చింది.
అభ్యంతరం. ఇలాంటిది ముందే ఉంది.
ఎక్కడో మంచు కురిసే దేశంలో, గాజు కొలిమిలో,
కరిగిన గాజుముద్దని పట్టి లాగే పట్టకారు.
తేదీ మా తాతల నాటిది.
జతచేసిన బొమ్మ నకలుకి నకలు, సగం మసి.
ఎలా చెప్పాలా అని నేను గొంతు సవరించుకునేలోపు
కాగితం లాక్కుని కిటికీ దగ్గరికి నడిచాడు.
ఆ కిటికీకి బిగించింది ఏదో బస్సు ముందద్దం,
పగుళ్ళు అలాగే ఉన్నాయి.
ఇంగిలీసు ముక్క రానివాడు
చుక్కల వెంట గోరు పెట్టి నడిపించాడు.
ఒకటి. రెండు. మూడు.
అక్కడితో చెయ్యి అయిపోయింది.

"బాబూ, ఈడికీ నేవు!"
తప్పిపోయిన అన్న సంతలో ఎదురైనట్టు అరిచాడు.
"ఈడివి నిప్పు తినీసింది, నావి డ్రమ్ము తినీసింది.
బుర్రలు మాత్రం ఒక్క దారినే పోయేయి.
జవాబు రాయండి."
"ఆఫీసుకా? ఏమని వాదించమంటావు?"
"ఆపీసుకెందుకు? ఈడికి."
"ఎప్పుడో పోయుంటాడు తవిటయ్యా."
"అయితే ఈడి మనవలకి."

రాయలేదు. ఏ ఊరికి, ఏ మాటల్లో?
గడువు దాటింది. ఫీజు కట్టిన రసీదు
నా సొరుగులో పసుపెక్కింది.

ఇప్పుడు మునిగుడలో, బిస్సమ్‌కటక్‌లో,
గుణుపురం బస్టాండు వెనక
ఏ షెడ్డులో చూసినా ఆ పానాయే.
కమ్మరి దైతారి కొట్టి అమ్ముతున్నాడు,
తవిటయ్యని సగం అడిగీ, సగం అడక్కుండానూ.
అయిదు వేళ్ళ కుర్రాళ్ళు మొదట తిట్టుకుంటారు,
పిడి కూచోదు, జారిపోతుంది అని.
లారీ కింద నుంచి ఎవడో అరుస్తాడు:
చివరి రెండు వేళ్ళూ ముడవరా!
ముడుస్తారు.
నట్టు కదులుతుంది.