చీటీ

హల్‌లో బస్సు డిపో, రెండో అంతస్తు.
నెలాఖరు జీతాల బటన్ నొక్కి
డోరీన్ పికర్స్‌గిల్
గుండ్రంగా తిరిగే చుక్కల ముందు కూర్చుంది
గానుగెద్దుకి కాపలా ఉన్నట్టు.

ఆ చక్రం నేను రాసిందే.
ఆరు నిమిషాలు తిరుగుతుంది. నోరు విప్పదు.
నాలుగో నిమిషంలో ఆవిడ మళ్లీ నొక్కింది.
మూడొందల పన్నెండు మంది డ్రైవర్లకి
రెండేసి జీతాలు.

"బతికుందో చచ్చిందో ఒక్క ముక్కైనా చెప్పదేం?"
అంతే అంది. తిట్టినా బావుండేది.

మధ్యాహ్నం వానలో నా బూటు అడుగు ఊడింది.
మార్కెట్లో చెప్పులు కుట్టే పెద్దాయన
తిరగేసి చూసి, గులాబీరంగు చీటీ చించి
సగం నా చేతిలో పెట్టాడు.
"నాలుగింటికి రా."
సూది చూపించలేదు, దారం చూపించలేదు.
ఆయన అరువిచ్చిన రబ్బరు చెప్పులతో
ఊరంతా తిరిగొచ్చాను.

ఆ రాత్రి చక్రం పీకేశాను.
నొక్కగానే ఒక చీటీ; పని వెనకగదికి.
విండో మూసినా ఆగదు.
ఇంకోసారి నొక్కితే అదే చీటీ, కొత్తది కాదు.
తొంభైతొమ్మిది దగ్గర నిలబడి
ఇదిగో వచ్చేస్తున్నానని బొంకే గీతని
ఎన్ని ఊళ్లకి రాసిచ్చానో!
ఇక్కడ మాత్రం చెరిపాను.

మళ్లీ నెలాఖరు.
డోరీన్ నొక్కింది. కళ్లజోడు సర్దుకుని చదివింది:
అందింది. ఆరు నిమిషాలు పడుతుంది.
కుర్చీ వెనక్కి నెట్టి
కెటిల్ పెట్టడానికి లేచింది,
ఎవరిదో కుక్కకి పుట్టిన పిల్లల గురించి మాట్లాడుతూ.

తెర వైపు ఎవరూ చూడటం లేదు.
నేనొక్కణ్ణే, తలుపు దగ్గర నిలబడి,
అరవై ఒకటి,
అరవై రెండు