నీలం డ్రమ్ము

రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల మీద కూచోని
వేలికంటిన సిరా తలవెంట్రుకలకు తుడుచుకుంటా
చెంగల్రాయుడు నాకు ఈ విద్య చెప్పినాడు:

"ముందిస్తే లంచమప్పా, తర్వాతిస్తే మర్యాద.
సంతకాలైనాక, కమీషను జేబులో పడినాక,
పాలు పొంగే పొద్దుకు పోయి ఇయ్యాల.
ధర చీటీ గోటితో గీకెయ్.
నీ పేరూ ఫోన్ నంబరూ అచ్చేసిన గడియారం ఇచ్చినావంటే
అది బహుమానం కాదు,
వాళ్ళ గోడ మీద నువ్వు బాడిగ లేకుండా దిగినట్టు."

ఆయన మాత్రం దేవుడి పటాలే ఇచ్చేవాడు.
తిరుపతిలో దేవుడి పటం!
ఒకరింట్లో నేనే లెక్కేసినా,
పదకొండు మంది స్వాములు
పాత పేపర్లు కప్పుకోని మంచం కింద పండుకోనుండారు.

నేనూ రకరకాలు ఇచ్చి చూసినా.
పేరూరు పక్క ప్లాటు కొన్న బ్యాంకాయనకు వెండి కుంకుమ భరిణె.
వాళ్ళావిడ దాన్ని అరచేతిలో ఎగరేసి బరువు చూసింది,
నా కమీషను ఎంతో కూడా ఆ ఎగరేతలోనే తెలుసుకునింది.
అవిలాలలో ఒకాయనకు ఏమీ ఇయ్యలా.
ఇప్పటికీ టీ అంగడి కాడ ఎదురైతే
"బాగుండావా అప్పా" అంటాడు,
ఆ 'బా'ను కొంచెం ఎక్కువసేపు నమిలి.

కుప్పమ్మది వేరే కత.
బైరాగిపట్టెడలో పదిహేడేండ్లుగా పిండి రుబ్బి
కిలో కవర్లు కట్టి అంగళ్ళకు వేసే మనిషి.
అడ్వాన్సు నోట్లకు ఉద్దిపప్పు వాసన.
కొర్లగుంటలో రెండు గదుల పాతిల్లు చూపిస్తే
గోడలు చూళ్ళా, వాస్తు అడగలా.
"నీళ్ళెట్లా సామీ?"
నేను కొళాయి తిప్పినా. బుస్సుమని దూకినాయి.
మంగళవారమని తెలిసే ఆ పొద్దు పిలుచుకోనొచ్చినా.
అబద్ధం నేను చెప్పలేదు,
కొళాయితో చెప్పించినా.

రిజిస్ట్రేషను నాడు
యంత్రం ఆమె బొటనవేలిని గుర్తుపట్టలా.
తుడిచి పెట్టు, నొక్కి పెట్టు, ఇంకో వేలు పెట్టు.
పిండి మింగిన రేకలు ఏ అద్దానికి కనపడతాయి?
నాలుగోసారికి "సరే పో" అన్నట్టు పచ్చలైటు వెలిగింది.
ఆమె ఆ వేలినే చూసుకుంటా నవ్వింది.
నేను బయటికొచ్చి ఊరికే బండి తుడిచినా.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదంటే ఎచ్చులు.
ఒక రాత్రి. అదీ సగం.

తెల్లారినాక రెండొందల లీటర్ల నీలం డ్రమ్ము కొని
ఎక్సెల్ బండి వెనక తాడేసి కట్టి
లీలామహల్ సర్కిల్ కాడ సిగ్నల్లో నిలబడితే
ఆటోవాడు అడిగినాడు, "ఎంత పెట్టినావన్నా?"
చెప్పకూడదు కదా, చెప్పలా.

గృహప్రవేశం. స్టీలు గిన్నెలు, గోడ గడియారాలు,
మెరిసే కాగితాల్లో మళ్ళీ అదే పటం.
వాటి నడుమ నా డ్రమ్ము వాకిట్లో పట్టక
అడ్డంగా దొర్లుకుంటా లోపలికొచ్చింది.
చుట్టాలందరూ మాటలాపినారు.
"వారానికి రెండు దినాలేమా,
మంగళారం, శనారం.
తెల్లారి నాలుగుకు, ముప్పావు గంట.
ఆ పొద్దు చెప్పాల్సింది."

కుప్పమ్మ చెంగుతో చెయ్యి తుడుచుకునింది.
"పక్కింటి దేశమ్మను అడక్కుండానే
అడ్వాన్సు ఇచ్చినాననుకుంటివా?
నలభై వేలు తగ్గించమని నేను పట్టుబట్టింది దేనికీ?"
పెరట్లో అప్పటికే రెండు డ్రమ్ములు,
నిండుగా, మూతల మీద పసుపు, కుంకుమ.
"మూడోదీ ఉండనీలే. ఎండాకాలం వస్తాది."

పాయసం తాగి లేస్తుంటే
చేతిలో కిలో పిండి కవరు పెట్టింది.
తీసుకోవచ్చునో లేదో.
చెంగల్రాయుడు ఇచ్చేదాన్ని గురించి చెప్పినాడే గానీ
తీసుకునేదాని గురించి ఏమీ చెప్పలా.

హ్యాండిలుకు తగిలించినా.
రైల్వే గేటు పడింది. ఎండ.
కవరు మెల్లగా ఉబ్బతా ఉంది.
ఇల్లు చేరేలోగా
ఆ ముడి కొంచెం వదులు చెయ్యాల.