టన్నంటే

పొదిలి నుంచి ఒంగోలు పోయి
అద్దాల షాపులో నిలబడ్డాం, ముందు చెమటలారేదాకా.
కుర్రాడొచ్చి అడిగాడు:
"టన్నా, టన్నున్నరా?"

మాయన చీమకుర్తి క్వారీలో టిప్పరు తోలతాడు.
టన్నంటే ఆయనకి నల్లరాయి,
టైర్లు మూలిగే బరువు,
కాటా మీద ఎర్రగా వెలిగే అంకె.
"చల్లదనాన్ని ఎట్టా తూస్తారు అబ్బయా?" అన్నాడు,
ఓవర్‌లోడు కేసు రాసినోణ్ణి నిలదీసినట్టు.

కుర్రాడు నవ్వలేదు.
"టన్ను ఐసు
ఒక పగలూ ఒక రాత్రీ కూర్చుని కరిగితే
ఎంత చలవ పుట్టుద్దో, అంత."

నాకు కొత్తపట్నం వాసనొచ్చింది.
మా నాన్న ఊకలోంచి ఐసుగడ్డలు లాగి
గునపంతో పొడిచి వంజరాల మధ్య సర్దేవాడు.
ఒక పెచ్చు ఎగిరి నా పాదం మీద పడితే
అరిచేదాన్ని,
తియ్యబోతే తియ్యనిచ్చేదాన్ని కాదు.
టన్నంటే అట్టాంటి గడ్డలెన్నో.
అవన్నీ మా పదడుగుల గదిలో,
కుట్టుమిషను పక్కన,
రోజూ కరగాల. నేల తడవకుండా.

ముందు కూలరే అనుకున్నాం.
పక్కింటి నస్రీను కూలరు రోజుకి నాలుగు బిందెలు తాగుద్ది.
ట్యాంకరేమో మా వీధికి నాలుగు రోజులకోసారి.
మనుషులకు పొయ్యాలా, గడ్డికి పొయ్యాలా?
పైగా ఇవేం నీళ్ళు!
మే నెల దాటకముందే ఆ గడ్డి
సున్నం పట్టి చీపురుకట్టలా బిరుసెక్కింది.
సముద్రం పక్కన నీళ్ళున్నాయి,
అక్కడ గాలే తడిగుడ్డ, కూలరు వట్టి రొద.
ఇక్కడ గాలి ఎండిన ఈతాకు, కూలరు చక్కగా తిరుగుద్ది,
దాని నోట్లో పొయ్యటానికే లేవు.
రెండూళ్ళ మధ్య అరవై మైళ్ళు లేదు,
ఒకరిది ఒకరికి చెల్లదు.

"మూడు చుక్కలదా, ఐదు చుక్కలదా?"
చుక్కకింతని రేటు.
మిద్దె మీద పడుకున్నన్నాళ్ళూ
ఎన్ని చుక్కలు, ఊరికే!
ఇప్పుడు రాత్రి రెండింటికీ స్లాబు కాలతానే ఉంటది.
మా లోహిత నా కొలతల పుస్తకం చివర లెక్కేసింది:
ఐదు చుక్కలకి పదివేలెక్కువ,
బిల్లులో అది తిరిగి రావాలంటే ఐదు వేసవులు.
కింద గీత.
గీత కింద ఎవరిదో జాకెట్టు,
నడుము ముప్పై నాలుగు.

కరెంటు ఖాజావలి మీటరు చూసి నాలిక చప్పరించాడు.
"లోడు పెంచమని రాసివ్వండక్కా, లేకపోతే
ఫ్యూజు కాదు, స్తంభం మీది వైరే ఎర్రబడుద్ది.
ముందు మిద్దెకి సున్నం కొట్టించండి.
నెత్తిన పెనం పెట్టుకుని
అరికాళ్ళకి గంధం పూస్తే ఏం లాభం?"

ఆదివారం మాయనే కొట్టాడు, బనీను మీద,
రెండు పూతలు.
దిగొచ్చేసరికి కనురెప్పల మీద కూడా తెలుపే.
ఆ రాత్రి పంకా గాలిలో
మొదటిసారి పొయ్యి వాసన లేదు.
ఇంక అది చాలేమో అని
ఇద్దరం అనుకున్నాం, ఎవరమూ బయటికి అనలేదు.
రోహిణి కార్తె వచ్చి అనిపించకుండా చేసింది.

టన్నుదే తెచ్చాం, మూడు చుక్కలది, వాయిదాల మీద.
తలుపు సందుల్లో నా కత్తిరింపు ముక్కలు కుక్కాను.
వెనక గోడకి వేలాడే పైపు కింద
ఎందుకో ఒక చెంబు పెట్టా.

తెల్లారి ముప్పావు చెంబు.
కొత్తపట్నంలో అయితే బకెట్టు నిండేదేమో,
కానీ పొదిలి గాలిలో ఇన్ని నీళ్ళా!
ఇన్నేళ్ళూ మన మొహాల మీంచే పోతా
ఒక్క చుక్క కనపడనియ్యలేదు.

ఆవిరి ఇస్త్రీపెట్టెలో పోశా.
మా నీళ్ళకి అది దగ్గి దగ్గి
పెళ్ళిబట్టల మీద తెల్లపొక్కులు ఊసేది.
ఇవాళ గమ్మున ఊపిరి వదిలింది.
నీలం పట్టు మీద ఒక్క మచ్చ లేదు.

డ్యూటీ దిగొచ్చి, జుట్టునిండా రాతిపిండితో,
గుమ్మంలోనే అడిగాడు:
"ఏందీ, ఎన్ని టన్నులొచ్చింది?"

"ముప్పావు చెంబు" అన్నా.