ఊపిరి బిగబట్టండి

గుంటూరు పెద్దాసుపత్రి ఎక్స్‌రే గదిలో
పంతొమ్మిదేళ్ళుగా నేను చెప్పే మాటలు రెండే.
ఊపిరి బిగబట్టండి.
వదలండి.

ఈ రెంటి మధ్య జిల్లా జిల్లాంతా
నా ముందు నిలబడి వెళ్ళింది.
పత్తి మిల్లు ఊపిరితిత్తులు, పొగాకు కంపెనీ ఊపిరితిత్తులు,
రూపాయి బిళ్ళ మింగిన పిల్లాడు,
తాళి తీసి గుప్పిట్లో దాచుకున్న కొత్తకోడలు.
ఒక్కరి మొహమూ గుర్తులేదు.
పక్కటెముకలు చూపిస్తే చెప్పగలను.

అంకారావునీ నేనే నిలబెట్టాను.
మిర్చి యార్డులో టిక్కీలు మోసిన వీపు అతనిది.
రొమ్ముకు పలక చల్లగా తగలగానే ఉలిక్కిపడి నవ్వాడు.
"ఊపిరి బిగబట్టు" అన్నాను, మొగుడే కదా, 'అండి' లేకుండా.
తెర మీద, పైన, ఓ పక్కగా
నిమ్మకాయంత మసక.
డాక్టరు కంటే ముందు చూసింది నేను.
వదులు అనడం మర్చిపోయాను.
పాపం, అతనే అడిగాడు,
"ఇంక వదలనా, మస్తానూ?"

తర్వాత రెండేళ్ళు
డ్యూటీకి వెళ్ళాను, కూర వండాను, పాలవాడికి లెక్క కట్టాను.
ఊపిరి మాత్రం అక్కడే ఉండిపోయింది, ఆ పలక దగ్గర.

అరండల్‌పేటలో స్టూడియో మూసేస్తూ
సైదులు గారు పాత కెమెరా ఒకటి చేతిలో పెట్టాడు.
నెలనెలా ఇంత ఇవ్వమన్నాడు, ఒక్క నెలా అడగలేదు.
"ఇన్నాళ్ళూ లోపలివి తీశావు గదమ్మా,
పైనున్నవి కూడా కాసిని చూడు."

మొదట్లో అన్నీ గోడలే తీశాను.
గోడలు పలకరించవు.

ఓ ఆదివారం, అతను నడిచిన దారి తీసుకుందామని
కోల్డ్ స్టోరేజీల వైపు వెళ్ళాను.
దారి కనపడలేదు, దాని నిండా మిరపకాయలు పోసున్నాయి.
పక్కన రేకుల షెడ్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళు,
నలభై మంది, ముక్కుకు కొంగు కట్టుకుని.
"పేపరు వాళ్ళా? కూలి పెంచమని రాయి" అంది ఒకావిడ.
"కాదు, అంకారావు భార్యని" అన్నాను.
ఎవరో జరిగి, పీట తోశారు.
కూర్చున్నానో లేదో తుమ్ములు, వరసగా పదకొండు.
"ఊపిరి బిగబట్టమ్మోయ్!" అని అరిచిందో పిల్ల,
ఎప్పుడో నా గదికి వచ్చినదే అయ్యుంటుంది,
షెడ్డు మొత్తం విరగబడి నవ్వింది.
ఆ నవ్వు తీశాను. మసగ్గా వచ్చింది.
చెయ్యి కదిలింది, నేనూ నవ్వానేమో.

పీర్ల పండగ రాత్రి సంగడిగుంటకు వాళ్ళే లాక్కెళ్ళారు.
పీరు ఎత్తుకున్నది జానీబాషా,
డప్పు ఇర్మియాది, నిప్పుల గుండానికి కట్టెలు
మా తోడికోడలి కొడుకు మోసినవి.
వెండి పంజా పైకి లేచింది.
అలవాటు కొద్దీ అయిదు వేళ్ళలో ఎముకలు లెక్కపెట్టబోయాను.
ఎముకల్లేవు.
మంట వెలుగు ఉంది, పూలదండ ఉంది,
కింద బిడ్డను పంజాకేసి ఎత్తిపట్టుకున్న తల్లి ఉంది.

అచ్చు వేయించిన బొమ్మల్ని షెడ్డులోనే
గోనెతాడుకు బట్టల క్లిప్పులతో వేలాడదీశాం.
నాగేంద్రమ్మ తన బొమ్మకింద నిలబడి,
"ఇంకో కాపీ తియ్యి, పోయాక దండ వెయ్యడానికి.
ఇందులో పళ్ళు బాగున్నయ్" అంది.
రాహేలు మాత్రం చాలాసేపు మాట్లాడలేదు.
"అచ్చం మా అమ్మే" అంది చివరికి.
వాళ్ళమ్మకు ఫోటో లేదట, ఒక్కటీ.
ఆ బొమ్మ తీసి ఇచ్చేశాను. తాడు మీద
రెండు క్లిప్పులు ఊరికే మిగిలాయి.

"మీ ఆయనది పెట్టలేదే?" అన్నారు.
నా దగ్గరున్నది ఒక్కటే, లోపలిది.
అది బీరువాలోనే ఉంది. ఉండనీ.

సోమవారం మొదట వచ్చింది
పెదకాకాని నుంచి ఓ ముసలాయన.
బిగబట్టండి. వదలండి.
చొక్కా తొడుక్కుంటుంటే మొహంలోకి చూశాను.
గడ్డం మీద సున్నం మరక,
కిళ్ళీ అలవాటు కాబోలు.
తుడుచుకోమని సైగ చేసి
తర్వాతి వాళ్ళని పిలిచాను.